వానాకాలంలో సైట్ మట్టి సైట్ దాటకుండా ఎలా చూసుకోవాలి

హైదరాబాద్‌లో పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో పనిచేస్తున్న రోజులవి. ఒక రాత్రి గంటన్నర సేపు వాన దంచి కొట్టింది. తెల్లారి ఆరింటికి సైట్‌కి వెళ్తే గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో స్టీలు చెంబు, చెంబు నిండా ఎర్రటి నీళ్లు. "సారూ, ఇవి మా సంపుల నీళ్లు. మీ మట్టి మీరే తీస్కపోండి" అంది. అరవలేదు, తిట్టలేదు. ఆమె వెంట వెళ్లి చూస్తే వాకిలంతా బురద, సంపు అడుగున జానెడు మట్టి. వాళ్లకి నల్లా నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు. నలుగురు మనుషుల్ని పెట్టి సంపు కడిగించి, ట్యాంకర్ తెప్పించి నింపేసరికి మధ్యాహ్నం రెండయింది.

ఆ రాత్రి మా సైట్‌లో మూడు మోటార్లు ఉన్నాయి. మూడూ బాగానే పనిచేశాయి. అసలు తప్పు అక్కడే జరిగింది. సెల్లార్ కోసం తవ్విన గుంటలోని బురద నీళ్లను అవి తోడి తోడి రోడ్డు మీదికి వదిలాయి. రోడ్డుకు పల్లంలో ఆమె ఇల్లు ఉంది. నీళ్లు తోడేస్తే చాలు, వాన సంగతి చూసుకున్నట్టే అని మేమంతా అనుకునేవాళ్లం. మోటారు దాకా వచ్చిందంటే అప్పటికే మట్టి కోసుకుపోయినట్టే. పని మొదలవ్వాల్సింది పారతో, అదీ తవ్వకానికి ముందు.

500 గజాల ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర్నుంచి రెండు మూడు ఎకరాల అపార్ట్‌మెంట్ సైట్ చూసుకునే ఇంజినీర్ల దాకా ఎవరికైనా పనికొచ్చేలా, నేను ఇప్పుడు పాటిస్తున్న వరుసలోనే చెబుతాను.

ముందు నీళ్ల లెక్క వేసుకోండి

లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్ల వాన పడితే ఎకరం మీద 2 లక్షల లీటర్ల పైచిలుకు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై తెచ్చి మీ స్థలంలో ఒకేసారి వదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అన్ని నీళ్లూ పారవు, కొంత ఇంకుతాయి. కానీ జేసీబీ, టిప్పర్లు తిరిగి తొక్కిన నేల చెలక నేలలా పీల్చుకోదు. పడిన దాంట్లో సగం నుంచి ముప్పావు వంతు పారుతుందని లెక్కేసుకోవడం మంచిది. గంటకు 50 మిల్లీమీటర్ల జోరు వాన అయితే ఎకరం నుంచి సెకనుకు సుమారు 34 లీటర్లు వస్తాయి. కాలువలు, గుంటలు ఎంత పెట్టాలో తేల్చేది ఈ అంకె.

సెల్లార్ గుంట సంగతి వేరు. గుంటలో పడిన ప్రతి చుక్కా గుంటలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు, 2000 ఆగస్టులో అయితే 24 సెంటీమీటర్లు పడింది. వెయ్యి గజాల గుంటలో 19 సెంటీమీటర్ల వాన పడితే లక్షా 59 వేల లీటర్లు. అది కూడా పైనుంచి వచ్చే నీళ్లు కలపకుండానే.

స్థలం చుట్టూ ఒకసారి నడవండి

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లం ఎటుందో మనకు తెలియాలి కదా. డ్రాయింగ్ మీద కాంటూర్లు (ఎత్తుపల్లాలు చూపే గీతలు) ఉన్నా సరే, కాళ్లతో నడిచి చూడండి. పై వైపు ఎవరి స్థలం ఉంది, అక్కడి నీళ్లు ఎక్కడ మీ గోడను దాటుతాయి, కింది వైపు ఎవరి ఇల్లు, ఏ మోరీ, ఏ నాలా, ఏ చెరువు ఉన్నాయి అని ఒక కాగితం మీద గీసుకోండి. వీలైతే చిన్న వాన పడుతుండగా గొడుగు పట్టుకుని నడవండి. పది నిమిషాల్లో నీళ్లే దారి చూపిస్తాయి.

చుట్టుపక్కల పాతవాళ్లను తప్పకుండా అడగండి. "ఇక్కడ ముందు వాగు పారేది" అని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు దూకితే కింది చెరువుకు పోయే దారులు చాలావరకు ఇప్పుడు లేఅవుట్ల కింద ఉండిపోయాయి. పైకి కనపడకపోయినా పెద్ద వానకు నీళ్లు పాత దారినే వెతుక్కుంటాయి. మీ సైట్ ఆ దారిలో ఉందేమో ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అదే కాగితం మీద మూడు గుర్తులు పెట్టుకోండి. బయటి నీళ్లు లోపలికి వచ్చే చోటు, మన నీళ్లు బయటికి పోయే చోటు, వాన వెలిసినా నీళ్లు నిలిచే చోటు. తర్వాత చేసే పనులన్నీ ఈ మూడింటి చుట్టే.

ఏ పని ఏ కార్తెలో

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. కాలువలు, కట్టలు, మట్టి దిగే గుంట (బురద నీళ్లను బయటికి వదిలే ముందు నిలిపే చోటు) అన్నీ మృగశిర లోపు అయిపోవాలి. రోహిణిలో నేల గట్టిగా ఉంటుంది, జేసీబీ దిగబడదు, పని తొందరగా సాగుతుంది. ఒక వాన పడ్డాక ఇదే పనికి రెండింతల టైం పడుతుంది.

సెల్లార్ తవ్వకం వానాకాలంలో మొదలుపెట్టకండి. హైదరాబాద్‌లో ఏటా వానలకు ముందు ఈ తవ్వకాలు ఆపమని మున్సిపల్ ఆదేశాలు వస్తూనే ఉంటాయి. ఆదేశం వచ్చినా రాకపోయినా మన లెక్క మనకుండాలి. మే నెలలో తవ్వి, జూన్‌లో రిటైనింగ్ వాల్ (పక్క మట్టి కూలకుండా ఆపే గోడ) లేకుండా వదిలేసిన గుంట కన్నా ప్రమాదకరమైనది సైట్‌లో మరొకటి ఉండదు. వానలకు ముందు గోడ లేపగలిగితేనే తవ్వండి. లేకపోతే దసరా దాటాక, వానలు తగ్గాక పెట్టుకోండి.

ఇంకో మాట. స్థలం మొత్తాన్ని ఒకేసారి చదును చేయించకండి. జేసీబీ ఎలాగూ వచ్చింది కదా అని ఉన్న గడ్డినీ పొదల్నీ గీకి పారేస్తారు. ఈ నెలలో పని లేని చోట గడ్డిని అలాగే వదిలేయండి. మట్టిని పట్టి ఉంచడానికి గరిక వేరు కన్నా చవకైనది ఏ షాపులోనూ దొరకదు.

బయటి నీళ్లను బయటే తిప్పేయండి

సైట్‌కి ఎగువన పడిన వాన శుభ్రంగానే ఉంటుంది. మన తవ్విన మట్టి మీదికి వచ్చాకే అది బురదవుతుంది. కాబట్టి దాన్ని లోపలికి రానివ్వకుండా పక్కనుంచి దాటించాలి.

ఎగువ హద్దు పొడవునా ఒక కాలువ తీయండి. ఎకరం వరకు నీళ్లు వచ్చే చోట అడుగున ఒకటిన్నర అడుగు వెడల్పు, అడుగు లోతు చాలు. వంద అడుగులకు ఒక అడుగు వాటం ఇవ్వండి. అంతకన్నా తక్కువైతే పూడిపోతుంది, మరీ ఎక్కువైతే నీళ్లు కాలువనే కోసేస్తాయి. తీసిన మట్టిని సైట్ వైపు గట్టుగా పోసి, పార వెనక్కి తిప్పి గట్టిగా కొట్టించండి. రైతులు చేను గట్టు వేసినట్టే. మా సైట్‌లో ఈ పనికి నేను పాలమూరు నుంచి వచ్చిన కూలీలను పిలుస్తాను. వాటం వాళ్లకు కంటితోనే తెలుస్తుంది. అయినా లెవెల్ ట్యూబ్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పెట్టి ఒకసారి చూసుకోవడం నా అలవాటు.

నేల వాలు ఎక్కువగా ఉంటే కాలువలో అక్కడక్కడా రాతి అడ్డుకట్టలు వేయండి. పిడికెడంత నుంచి కొబ్బరికాయంత సైజు రాళ్లు చాలు. కట్ట ఎత్తు ఒకటిన్నర అడుగు మించొద్దు. మధ్యలో రాళ్లను అంచులకన్నా ఆరంగుళాలు తగ్గించి పేర్చాలి, లేకపోతే నీళ్లు పక్కల మట్టిని తవ్వుకుని పోతాయి. ఒక కట్టకూ ఇంకో కట్టకూ దూరం ఎంత అంటే, కింది కట్ట పైభాగం, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. వందకు రెండు అడుగుల వాలులో ఒకటిన్నర అడుగు కట్టలు 75 అడుగులకు ఒకటి వస్తాయి. వందకు ఐదు అడుగుల వాలైతే 30 అడుగులకు ఒకటి.

ఈ కాలువను చివర్లో పక్కవాళ్ల స్థలంలోకి వదిలేయకండి. మున్సిపల్ డ్రెయిన్‌కో, ఆ నీళ్లు మామూలుగా పోయే దారికో కలపండి. కలిసే చోట నాలుగు తట్టల రాళ్లు పరిస్తే అక్కడ గొయ్యి పడదు.

గుంట అంచు దగ్గర

ఇది సెల్లార్ గుంట సంగతి, ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. మిగతా చోట్ల తప్పు జరిగితే బురదను ఎత్తిపోసుకోవచ్చు. ఇక్కడ జరిగితే ప్రాణాలే పోతాయి.

2024 మే 7 రాత్రి పెద్ద వానకు బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ దగ్గర రిటైనింగ్ వాల్ కూలి పక్కనున్న కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో నాలుగేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. రుతుపవనాలు కూడా రాలేదు, అది మే నెల వాన. ఆ వార్త చదివిన పొద్దున నేను మా సైట్‌కి వెళ్లి, గోడకు ఆనించి వేసిన రెండు షెడ్లను మధ్యాహ్నానికల్లా పీకించి వేరే చోట వేయించాను. మీ సైట్‌లో లేబర్ షెడ్డు ఏ గోడ పక్కనైనా, ఏ గుంట అంచునైనా ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. గోడ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం, వీలైతే దానికి రెట్టింపు దూరం ఉండాలి.

గోడ వెనక నీళ్లు నిలిస్తే ఏమవుతుందో లెక్కలో చూడండి. మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే, గోడ ప్రతి మీటరు పొడవు మీదా నాలుగున్నర టన్నుల తోపు పడుతుంది. మట్టి తోపు దీనికి అదనం. అందుకే గోడలో వీప్ హోల్స్ (వెనక నీళ్లు బయటికి కారే రంధ్రాలు) పెడతారు, వెనక కంకర పోస్తారు. కానీ బ్యాక్‌ఫిల్లింగ్ నాడు, అంటే గోడ వెనక ఖాళీని పూడ్చే రోజు, తొందరలో ఆ కంకర మానేసి తవ్విన నల్లమట్టినే నెట్టేయడం నేను కళ్లారా చూశాను. వీప్ హోల్ పైపులకు మట్టి అడ్డం పడితే ఆ గోడ ఆనకట్టలా మారుతుంది. దాన్ని ఆనకట్టగా ఎవరూ డిజైన్ చేయలేదు.

గుంటకు ఈ నాలుగు పనులు చేయండి. అంచు చుట్టూ అడుగు ఎత్తు గట్టు వేసి, పై నీళ్లు గోడ వెంట లోపలికి జారకుండా చూడండి. ఆ గట్టుకు బయట, అంచుకు కనీసం రెండు మీటర్ల దూరంలో చుట్టు కాలువ తీసి, అడుగున సిమెంట్ పూతైనా టార్పాలినైనా వేయండి. పూత లేని కాలువలో నీళ్లు ఇంకి అంచు మట్టినే నానబెడతాయి. తవ్విన మట్టిని అంచు మీద కుప్ప పోయొద్దు. ఒకటిన్నర మీటరు, లేదా గుంట లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం ఉండాలి. ట్రాన్సిట్ మిక్సర్‌ని (కాంక్రీటు తెచ్చే లారీ), క్రేన్‌ని వాన పడ్డ మర్నాడు అంచు దగ్గరికి తీసుకురానివ్వకండి.

రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు అంచు వెంట ఒకరు నడవాలి. అంచుకు సమాంతరంగా వెంట్రుకంత పగులు కనపడినా సరే, కింద ఎవరినీ దించొద్దు. పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి మధ్య దూరం కొలిచి రాసుకోండి. సాయంత్రానికి పెరిగితే ఆ పగులు కదులుతోందని అర్థం. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. నల్లరేగడిలో ఎండకు కూడా పగుళ్లు వస్తాయి, అవి అన్ని దిక్కులకూ గజిబిజిగా పోతాయి. అంచు వెంట ఒకే గీతలా పోయే పగులు వేరు.

మీ మట్టి ఎలాంటిదో సీసాలో చూడండి

ఇది ఐదు నిమిషాల పని. లీటరు నీళ్ల సీసా తీసుకోండి. అందులో గుప్పెడు సైట్ మట్టి వేసి, మెడ దాకా నీళ్లు పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. బల్ల మీద కదపకుండా పెట్టండి. ఇసుక చూస్తుండగానే అడుగుకు చేరుతుంది. దాని పైన మెత్తటి ఒండ్రు గంట గంటన్నరలో పొరగా పేరుతుంది. పైన ఇంకా పాలలా, టీలా కనపడే నీళ్లలో ఉన్నది బంకమట్టి. మర్నాడు పొద్దున కూడా అలాగే ఉండొచ్చు. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంకమట్టి కణం మీటరు లోతు దిగడానికి మూడు రోజులు దాటుతుంది.

మొరం నేల అయితే సీసా తొందరగా తేరుకుంటుంది. ఇలాంటి చోట మట్టి దిగే గుంట ఒక్కటే చాలావరకు పని చేసేస్తుంది. నల్లరేగడి అయితే గుంట ఎంత పెద్దదైనా నీళ్లు తేటపడవు. అప్పుడు పటిక వాడాలి. వెనక ఊళ్లలో వరద నీళ్ల బిందెలో ఇండుప గింజ అరగదీసి వేసేవాళ్లు, మా అమ్మమ్మ చిల్లగింజ అనేది. పటిక పనీ అదే, సన్న కణాలను ఒకచోటికి చేర్చి బరువెక్కించి దింపుతుంది. ఎంత వేయాలనేది మట్టిని బట్టి మారుతుంది. ఐదు సీసాల్లో ఒకే బురద నీళ్లు పోసి, పటిక నీళ్లు ఒక్కో సీసాలో కొంచెం కొంచెం పెంచుతూ వేసి చూడండి. తేటపడిన వాటిలో తక్కువ పటిక పడినదే మీ మోతాదు. ఎక్కువ వేస్తే నీళ్లు పుల్లబడి కింది చెరువులో చేపలకు చేటు. అందుకే సీసా చూడకుండా బస్తా విప్పొద్దు.

మట్టి దిగే గుంట

సైట్‌లో అన్నిటికన్నా పల్లమైన మూలలో, నీళ్లు బయటికి పోయే ముందు, వాటిని కాసేపు కూర్చోబెట్టే చోటు ఇది. మట్టి దిగడానికి కావాల్సింది నిలకడ.

ఎకరానికి 3,600 ఘనపుటడుగులు అనేది అమెరికాలో చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న కొలత. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. మన జోరు వానకు ఇది కనీసం అనుకోండి. వెడల్పుకు పొడవు కనీసం రెట్టింపుండాలి. నీళ్లు ఒక చివర వచ్చి రెండో చివర పోవాలి. రెండూ పక్కపక్కనే ఉంటే వచ్చిన బురద వచ్చినట్టే పోతుంది. స్థలం లేక అలా పెట్టాల్సి వస్తే మధ్యలో ఇసుక బస్తాలతో అడ్డుగోడ కట్టి నీళ్లను చుట్టు తిప్పండి.

నీళ్లను ఎప్పుడూ పైనుంచే వదలాలి, అడుగు నుంచి కాదు. దీనికి మేం వాడే పద్ధతి చెబుతాను. మోటారు సక్షన్ పైపు (నీళ్లు పీల్చే పైపు) చివర ఖాళీ 20 లీటర్ల డబ్బా మూత బిగించి కడతాం. డబ్బా తేలుతుంది, పైపు నోరు నీళ్ల పైమట్టానికి జానెడు కింద వేలాడుతుంది. గుంట నిండినా తగ్గినా పై తేటే వస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక పాత డబ్బా, రెండు మూరల తాడు. ఊహించని వాన పడితే పొంగి పోవడానికి ఒక వైపు అంచు అడుగు తగ్గించి రాళ్లు పరిచి ఉంచండి. లేకపోతే తెగేది కట్టే.

గుంటను సెల్లార్ అంచుకూ, పక్కింటి గోడకూ దూరంగా పెట్టండి. చుట్టూ కంచె వేసి, రాత్రి లైటు పెట్టండి. కూలీల పిల్లలు ఆడుకుంటారు. నాలుగున్నర అడుగుల నీళ్లు వాళ్లకు తల మునిగే లోతు. సగానికి మట్టి చేరగానే పూడిక తీయాలి. ఆ పూడిక ఆరబెట్టి, ఫిల్లింగ్‌లోనో మొక్కల కిందో వాడుకోండి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరూరా చెరువుల నుంచి తీసిన పూడికను రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. మన సైట్ నుంచి కొట్టుకుపోయిన మట్టి కూడా చివరికి ఏదో ఒక చెరువులోనే చేరుతుంది, ఎవరో ఒకరు తవ్వి తీయాల్సిందే.

500 గజాల స్థలంలో ఇంత గుంటకు చోటుండదు. అలాంటప్పుడు 200 లీటర్ల డ్రమ్ములు మూడు వరుసగా పెట్టి, ఒకదాని పైనుంచి ఇంకో దాంట్లోకి నీళ్లు పోయేలా పైపులు బిగించండి. నిదానంగా తోడితే ఇసుక, ముతక ఒండ్రు చాలావరకు మొదటి రెండింట్లోనే ఆగిపోతాయి.

కింది హద్దున గుడ్డ కంచె

గుంటకు చేరకుండా పలచగా హద్దు దాటే నీళ్ల కోసం జియోటెక్స్‌టైల్ గుడ్డతో (నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ) కంచె వేస్తారు. చాలా సైట్లలో దీనికి బదులు గ్రీన్ నెట్ కట్టేస్తారు. గ్రీన్ నెట్ ఎండకు నీడనిస్తుంది, దుమ్మును కొంత ఆపుతుంది, మట్టి నీళ్లను మాత్రం ఆపదు. దాని కన్నుల్లోంచి ఒండ్రు అంతా దాటిపోతుంది.

గుడ్డ నేల మీద రెండడుగులు నిలబడాలి. అడుగున ఆరంగుళాల లోతు, ఆరంగుళాల వెడల్పు కందకం తీసి, గుడ్డ కొసను అందులో మడిచి పెట్టి మట్టి కప్పి తొక్కాలి. ఇదే అసలు పని. కందకం లేకపోతే నీళ్లు గుడ్డ కింద నుంచి దర్జాగా పోతాయి. ఆరడుగులకో కర్ర పాతండి, కర్రలు పల్లం వైపు ఉండాలి. కంచె ఒకే మట్టంలో సాగి, రెండు చివరలూ ఎగువకు వంగాలి. ఎకరంలో పావు వంతు నీళ్లకు వంద అడుగుల కంచె అనుకోండి. కాలువకు అడ్డంగా మాత్రం ఎప్పుడూ కట్టకండి, మొదటి వానకే చిరిగిపోతుంది. మూడో వంతు ఎత్తుకు మట్టి చేరితే తీసేయండి.

వాలు మీద ఊరికే పడి ఉన్న మట్టికి వరిగడ్డి పరిచి, పైన కొబ్బరి తాళ్లతో కట్టించండి. కోనసీమ కొబ్బరి పీచుతో చేసిన చాపలు దొరికితే ఇంకా మంచిది, రెండు మూడు వానాకాలాలు నిలిచి తర్వాత మట్టిలో కలిసిపోతాయి. ఆ కింద జనుము విత్తనాలు చల్లితే వారంలోపే మొలకలు కనపడతాయి. శాశ్వతంగా ఉండే వాలుకు వట్టివేరు నాటండి.

గేటు, కుప్పలు, సిమెంట్ నీళ్లు

వానాకాలంలో రోడ్డు మీద కనపడే బురదలో చాలా భాగం టిప్పర్ టైర్లు మోసుకొచ్చిందే. గేటు లోపల 50 అడుగుల పొడవున ఆరంగుళాల మందం 50 నుంచి 75 ఎంఎం రాయి పరవండి. చిన్న కంకర వేస్తే టైర్ల గాళ్లలో ఇరుక్కుని రోడ్డు మీదికే పోతుంది. రాళ్ల సందులు మట్టితో నిండాక పైన కొత్త రాయి వేయించండి. రోడ్డు మీద బురద పడితే ఎండనిచ్చి ఊడ్చి ఎత్తండి. పైపు పెట్టి కడిగితే అదంతా మోరీలోకే పోతుంది.

ఇసుక, మట్టి కుప్పలకు టార్పాలిన్ కప్పి, కిందివైపు ఇసుక బస్తాల వరుస పెట్టండి. మిక్సర్ కడిగిన నీళ్లకు వేరే గుంట తవ్వి ప్లాస్టిక్ షీట్ పరవండి. సిమెంట్ నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది, చర్మాన్నే కాలుస్తుంది, చెరువులో కలిస్తే చేపలు బతకవు. ఆరాక గట్టిపడిన ముద్దను పగలగొట్టి ఫిల్లింగ్‌లో వేయవచ్చు. డీజిల్ డ్రమ్ముల కింద ట్రే, పైన రేకు ఉండాలి.

గుంటలో మోటారు

సెల్లార్ గుంట అడుగున ఒక మూల మీటరు లోతు సంపు తీసి, అన్ని వైపుల నుంచీ చిన్న కాలువలతో నీళ్లు అక్కడికి రప్పించండి. ఫుటింగ్ గుంతల్లో నీళ్లు నిలవొద్దు, నానిన నేల మీద పీసీసీ (పునాది కింద వేసే కాంక్రీటు పొర) వేయొద్దు, మెత్తబడిన పొరను గీకి తీసేయండి. 200 లీటర్ల డ్రమ్ముకు చుట్టూ బెజ్జాలు పెట్టి, గోనె చుట్టి, సంపులో దించి, చుట్టూ 40 ఎంఎం కంకర పోయండి. మోటారు ఆ డ్రమ్ములో ఉండాలి. ఇలా చేస్తే ఇంపెల్లర్ (మోటారు లోపల తిరిగే రెక్కలు) అరగదు, వచ్చే నీళ్లలో బురదా తగ్గుతుంది. డెలివరీ పైపు రోడ్డు మీదికి కాకుండా మట్టి దిగే గుంటలోకే పోవాలి.

కరెంటు విషయంలో ఏ మొహమాటమూ వద్దు. మోటారు లైనుకు 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉండాల్సిందే. వైరుకు మధ్యలో అతుకులు ఉండొద్దు, నీళ్లలో ఈడ్వొద్దు, కర్రల మీద వేలాడదీయాలి. మోటారు ఆగిందని నడుం లోతు నీళ్లలోకి దిగబోయే కుర్రాడిని ఆపి, ముందు మెయిన్ ఆఫ్ చేయించండి. వారానికోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూసే పని ఎవరిదో పేరుతో సహా బోర్డు మీద రాయండి.

వాన రోజున, వాన మర్నాడు

పొద్దున్నే వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. ఆరెంజ్, రెడ్ ఉంటే ఆ రోజు అంచు దగ్గర పని పెట్టకండి, టార్పాలిన్లు ముందే కట్టేయండి. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. సైట్‌లో ఒక వాన కొలిచే గ్లాసు ఉంచితే, ఎన్ని మిల్లీమీటర్లకు ఏ కాలువ పొంగిందో రెండు నెలల్లో మీకే తెలిసిపోతుంది. నా డైరీలో ప్రతి వానకు మూడు ముక్కలు ఉంటాయి: ఎంత పడింది, ఎక్కడ తెగింది, ఏం చేశాం. పక్కన ఫోన్‌లో ఫోటో.

వాన వెలిసిన గంటలోపు ముందు కింది హద్దుకు వెళ్లండి. గేటు బయట మోరీలో పారే నీళ్ల రంగు చూడండి. మీ నీళ్లు కలిసే చోటుకు పైన ఒక గ్లాసు, కింద ఒక గ్లాసు పట్టి పక్కపక్కన పెట్టండి. కింది గ్లాసు ముదురుగా ఉంటే ఎక్కడో కట్ట తెగింది, వెతకండి. ఆ పెద్దావిడ చెంబుతో నాకు చూపించింది ఇదే. ఇప్పుడు ప్రతి వాన తర్వాత ఆ గ్లాసులు నేనే పడతాను.

నిలిచిన నీళ్లను వారం దాటనివ్వకండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది. క్యూరింగ్ కోసం స్లాబ్ మీద కట్టిన మడులు, లిఫ్ట్ గుంట, ఖాళీ పెయింట్ డబ్బాలు అన్నీ చూడండి.

చివర్లో తీసేసే వరుస

ఇంకుడు గుంతలను అన్నిటికన్నా చివర పూర్తి చేయండి. ముందే తవ్వి ఉంటే మూత వేసి, చుట్టూ బస్తాలు పెట్టి, నిర్మాణం నడుస్తున్నంత కాలం బురద నీళ్లు ఒక్క చుక్క దిగకుండా చూడండి. ఒక వానాకాలం బురద దిగిన ఇంకుడు గుంతలో కంకర సందులన్నీ బంకతో మూసుకుపోతాయి. పైకి చూస్తే గుంత గుంతలాగే ఉంటుంది, నీళ్లు మాత్రం ఇంకవు. నిర్మాణం అయ్యాక టెర్రస్ పైపులు దానికి కలిపే ముందు, రెండు ట్యాంకర్ల నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతున్నాయో చూసి, మందకొడిగా ఉంటే పై కంకర తీసి కడిగించండి.

గుడ్డ కంచెను గచ్చు, గడ్డి పూర్తిగా వచ్చాకే విప్పండి. విప్పే ముందు దాని వెనక పేరుకున్న మట్టిని పారతో ఎత్తి లోపలికి పోయించండి. కందకం పూడ్చి తొక్కించండి. మట్టి దిగే గుంటను పూడ్చేటప్పుడు ముందు నీళ్లు తోడి, అడుగున ఉన్న మెత్తటి బురదంతా తీసి, పొరలు పొరలుగా మొరం వేసి దిమ్మిస కొట్టించండి. ఆ మూల మీద తర్వాత ఏ వాచ్‌మన్ గదో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మో వస్తే అది కుంగిపోకుండా ఉంటుంది. ఎగువ కాలువను మాత్రం పూడ్చకండి. రెండు వైపులా రాయి కట్టించి, ఇంట్లోకి దిగేవాళ్లకు అది ఎక్కడుందో, ఏటా మే నెలలో పూడిక తీయించాలని, కాగితం మీద రాసి ఇవ్వండి.